టేపు పట్టుకుని బయటికి రండి

శ్రీరాంపూర్ క్వార్టర్లలో ఒక ఆదివారం పొద్దున. నలుగురు డిగ్రీ పిల్లలు, బొగ్గు బాయిలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన ఒక తాతను వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. వాళ్ళు తీసే షార్ట్ ఫిల్మ్ ఆయన మీదే. అరువు తెచ్చిన కెమెరాకి 50 ఎంఎం లెన్స్ పెట్టి, అపర్చర్ మొత్తం తెరిచి 1.8లో ఉంచారు. వెనకున్న వేపచెట్టు మసకబారి అందంగా కనిపించాలని వాళ్ళ కోరిక. తాత తన మొదటి రోజు డ్యూటీ గురించి చెప్తూ చెప్తూ, ఉషారొచ్చి కొంచెం ముందుకు వంగాడు. అంతే, ముఖం పోయింది. ఆయన వీపు ఆనించుకున్న కుర్చీ అంచు మీది తువ్వాల మాత్రం పోగుపోగునా స్పష్టంగా ఉంది.

"తాతా, జర ఇంకోసారి చెప్పవా?"

మళ్ళీ చెప్పాడు. మళ్ళీ వంగాడు. అయిదోసారికి అడిగాడు: "బిడ్డా, నేను కదలద్దా, మీ కెమెరా కదలద్దా? ఎవలు కదిలితే పాడైతున్నది?"

నేను విన్న ప్రశ్నల్లో ఇంత సూటిగా అసలు విషయాన్ని పట్టుకున్నది మరొకటి లేదు. కెమెరా కదలిక, ఫిల్టర్లు, ఫోకస్ అని పుస్తకాలు మూడు పాఠాలు చెబుతాయి. నేను మంచిర్యాల పిల్లలకు నేర్పేటప్పుడు మూడింటినీ ఒకే పాఠంగా చెబుతాను. ఆ పాఠం పేరు దూరం. ఫోకస్ పట్టడమంటే మీకూ మనిషికీ మధ్య దూరాన్ని కొలవడం. కెమెరాను కదపడమంటే ఆ దూరాన్ని మార్చడం. ఫిల్టర్ పెట్టడమంటే ఆ దూరంలో నిండి ఉన్న వెలుతురును, గాలిని సర్దుకోవడం. మిగతా ఊళ్ళలో గాలి కంటికి కనిపించదు. మన దగ్గర కనిపిస్తుంది. బొగ్గు లారీ వెళ్ళిన అరనిమిషం దాకా కనిపిస్తుంది. డిసెంబరు పొద్దున గోదావరి ఒడ్డున మంచు దిగితే, పది గజాల అవతల ఉన్న మనిషి నీడలా మిగులుతాడు. దూరం ఇంత బాహాటంగా కళ్ళ ముందు నిలబడే ఊళ్ళో పుట్టినందుకు సినిమా నేర్చుకునేవాళ్ళు సంతోషించాలి.

తాత వంగినప్పుడు ఏం జరిగిందో లెక్క వేసి చూద్దాం. మామూలుగా విద్యార్థుల చేతికి దొరికే ఏపీఎస్-సీ సెన్సర్ కెమెరాలో, 50 ఎంఎం లెన్స్ 1.8లో ఉండి, మనిషి రెండు మీటర్ల దూరంలో కూర్చుంటే, స్పష్టంగా కనిపించే మందం సుమారు 11 సెంటీమీటర్లు. కెమెరాను మీటరు దూరానికి జరిపితే అది మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. ముక్కు కొస మీద ఫోకస్ ఉంటే చెవి దాకా రాదు. తాత జానెడు కంటే ఎక్కువే వంగాడు. అదే అపర్చర్‌ను 5.6కు మూసి ఉంటే, రెండు మీటర్ల దగ్గర ఆ మందం సుమారు 34 సెంటీమీటర్లకు పెరిగేది. వేపచెట్టు ఆకులు కొంచెం గట్టిగా కనిపించేవి, నిజమే. తాత కళ్ళు మాత్రం ఇంతగా మసకబారేవి కావు.

అందుకని మొదటి నెల 5.6 కంటే తెరవకండి. చేయి కుదిరాక వారానికి ఒక్కో స్టాప్ తెరుచుకుంటూ పోండి: 4, తర్వాత 2.8, తర్వాత 2. మసక బ్యాక్‌గ్రౌండ్ మీద పిల్లలకున్న మోజు నాకు తెలుసు. దాన్ని తప్పుపట్టను. అయితే దానికి తగిన సాధన చేసినవాళ్ళకే ఆ మసక మాట వింటుంది.

ఆ సాధనకు కెమెరా అక్కర్లేదు. హార్డ్‌వేర్ దుకాణంలో అయిదు మీటర్ల స్టీల్ టేపు ఒకటి కొనండి. ఐబీ చౌరస్తాలో చాయ్ తాగుతూ నిలబడ్డప్పుడు, ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం ఎన్ని అడుగుల దూరంలో ఉందో మనసులో అనుకోండి. తర్వాత కొలవండి. మీ స్నేహితుడు బల్ల అవతల కూర్చుంటే, అతని కన్ను మీ కన్నుకు ఎంత దూరమో చెప్పి, కొలవండి. పెద్ద సినిమాల్లో షాట్ నడుస్తుండగా ఫోకస్ సర్దే ఫోకస్ పుల్లర్లు ఏళ్ళ తరబడి చేసే సాధన ఇదే. మొదటి వారం మీరు రెండడుగులు తప్పుతారు. నెల తిరిగేసరికి ఆరడుగుల లోపు దూరాన్ని రెండు మూడు అంగుళాల తేడాతో చెప్పగలుగుతారు. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో ఇది నిజంగా జరగడం చూశాను. దర్జీ కొట్లో పనిచేసే ఒకమ్మాయి మాత్రం మొదటి రోజే తప్పు లేకుండా చెప్పింది. ఆమె కళ్ళలో టేపు ముందే ఉంది మరి.

కొలిచేటప్పుడు టేపు చివరను లెన్స్ అద్దానికి ఆనించకండి. కెమెరా పైభాగంలో చిన్న సున్నా, దాన్ని కోస్తూ ఒక గీత ఉంటాయి. సెన్సర్ ఉన్న చోటును చెప్పే గుర్తు అది. దూరాలన్నీ అక్కడి నుంచే. మనిషి కూర్చునే చోట, వంగే చోట, లేచి నిలబడే చోట సుద్దముక్కతో గీతలు గీయండి. లెన్స్ రింగు మీద కాగితం టేపు అంటించి, ఒక్కో గీతకు ఒక్కో పెన్సిల్ గుర్తు పెట్టండి. ఇక షాట్ నడుస్తుండగా రింగు తిప్పేవాళ్ళు స్క్రీన్ వైపు చూడకూడదు. మనిషిని చూడాలి. స్క్రీన్ మీద మసక కనిపించేసరికే ఆలస్యం అయిపోయి ఉంటుంది. మనిషి వంగబోయే ముందు భుజం కదులుతుంది, ఊపిరి తీసుకుంటాడు. రింగు కదలాల్సింది ఆ ఊపిరితో.

ఒక చిక్కుంది. ఇప్పటి ఆటోఫోకస్ లెన్సుల్లో చాలావాటికి రింగు లోపలి అద్దాలకు నేరుగా తగిలి ఉండదు. మోటారుకు సందేశం పంపుతుందంతే. మెల్లగా తిప్పితే ఒకలా, జోరుగా తిప్పితే మరోలా కదులుతుంది. పెన్సిల్ గుర్తులు పనిచేయవు. పాత మాన్యువల్ 50 ఎంఎం లెన్స్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుని అడాప్టర్‌తో బిగించుకుంటే ఈ బాధ పోతుంది. ఫోన్‌తో తీసేవాళ్ళు ముఖం మీద వేలు నొక్కిపట్టి ఫోకస్‌ను లాక్ చేసుకోవాలి. లేదంటే మంచులోనో దుమ్ములోనో దేన్ని పట్టుకోవాలో తెలియక ఫోన్ ముందుకీ వెనక్కీ ఊగిసలాడుతుంది. ఉచితంగా దొరికే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్‌లో ఫోకస్‌నూ షటర్‌నూ చేత్తో పెట్టుకోవచ్చు.

*

కదలికకు వద్దాం. పిల్లలు కెమెరా కుదుపును ఆపే గింబల్ కొనాలని అడుగుతారు. కొనండి, తప్పులేదు, కానీ ముందు నడక నేర్చుకోండి. బోనాల పండుగనాడు తల మీద బోనం ఎత్తుకున్న అమ్మను చూడండి. మోకాళ్ళు కొంచెం వంగి ఉంటాయి. మడమ ముందు ఆని, తర్వాత వేళ్ళు ఆనుతాయి. నడుము కుదుపునంతా మింగేస్తుంది. తల మీది దీపం మాత్రం ఒకే ఎత్తులో సాగిపోతుంది. అమెరికాలో గారెట్ బ్రౌన్ 1970లలో స్టెడీక్యామ్ తయారుచేసి, 1976లో వచ్చిన 'రాకీ' సినిమాలో దాంతో మెట్ల మీద పరుగెత్తినప్పుడు ఆయన సాధించిందీ ఇదే: శరీరం కుదుపు కెమెరాకు చేరకుండా మధ్యలో ఆపడం. మన ఇళ్ళలో ఆ విద్య ఎప్పటి నుంచో ఉంది.

నిండు చెంబు నీళ్ళు రెండు చేతుల్తో గుండె ఎత్తున పట్టుకుని వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. తర్వాత వెనక్కి నడవండి. చుక్క తొణకకుండా ఇరవై అడుగులు వెనక్కి నడవగలిగిన రోజు, చెంబు బదులు కెమెరా పట్టుకోండి. వెనక్కి నడిచేటప్పుడు ఒక స్నేహితుడు మీ నడుం మీద చేయి వేసి దారి చూపాలి. ఇది మొహమాటపడే విషయం కాదు. రాళ్ళున్న దారిలో వెనక్కి నడిచి పడితే విరిగేది కెమెరా ఒక్కటే కాదు.

ట్రైపాడ్ మీద పాన్ చేయడం, అంటే కెమెరాను పక్కకు తిప్పడం, తేలికనుకుంటారు. నిజానికి విద్యార్థి సినిమాల్లో ఎక్కువగా చెడేది అదే. మొదలుపెట్టినప్పుడు హాయిగా నిలబడి, చివరికి వచ్చేసరికి ఒళ్ళు మెలిపడి చేయి వణుకుతుంది. తిరగేసి చేయండి: షాట్ ఎక్కడ ముగుస్తుందో అటువైపు పాదాలు పెట్టి నిలబడి, నడుం తిప్పి మొదటి ఫ్రేముకు రండి. అప్పుడు పాన్ సాగేకొద్దీ ఒళ్ళు విడుచుకుంటుంది, ముగింపు మెత్తగా ఆగుతుంది. హ్యాండిల్‌ను చేత్తో గట్టిగా పట్టుకునే బదులు ఒక రబ్బరు బ్యాండ్ తగిలించి దాన్ని లాగండి. కుదుపు రబ్బరులోనే ఆగిపోతుంది. ఇక వేగం. కదలని దృశ్యం మీద పాన్ చేస్తుంటే, ఫ్రేము ఒక అంచున ఉన్న చెట్టు రెండో అంచుకు చేరడానికి ఏడు సెకన్లు పట్టాలి. అంతకంటే జోరుగా తిప్పితే చెట్టు అదిరినట్టు కనిపిస్తుంది. కదిలేదాన్ని వెంబడిస్తే ఈ లెక్క అక్కర్లేదు. కాజీపేట-బల్లార్షా లైన్లో బొగ్గు వ్యాగన్లతో గూడ్సు వెళ్తుంటుంది కదా, రోడ్డు పక్క నుంచి ఒక్క వ్యాగన్‌ను ఎంచుకుని దాంతోపాటే తిరగండి. చూసేవాడి కన్ను ఆ వ్యాగన్‌నే అంటిపెట్టుకుంటుంది, వెనకున్న తుమ్మచెట్లు చెదిరినా పట్టించుకోదు.

ట్రాలీ లేదని బాధపడకండి. ఫ్రాన్స్‌లో గొదార్ 'బ్రెత్‌లెస్' (1960) తీసినప్పుడు కెమెరామన్ రవూల్ కూతార్‌ను వీల్‌చైర్‌లో కూర్చోబెట్టి తోశారు. కూరగాయల తోపుడుబండికి రబ్బరు టైర్లుంటే, కొంచెం గాలి తీసి, మీద గోనెసంచులు పరిచి, దాని మీద కూర్చుని తీయండి. బండాయన గంటసేపు బేరం పోగొట్టుకుంటాడు, ఆ డబ్బు ముందే ఇచ్చేయండి.

ట్రాలీకీ జూమ్‌కీ తేడా ఏమిటని ప్రతి బ్యాచ్‌లోనూ అడుగుతారు. నోటితో చెప్తే నిలవదు, జైపూర్ రోడ్డు మీద చేసి చూడాలి. సింగరేణి 1,200 మెగావాట్ల థర్మల్ ప్లాంటు చిమ్నీ దూరంగా కనిపించే చోట ఒక స్నేహితుణ్ణి నిలబెట్టండి. మొదట కిట్ లెన్స్‌ను 18 ఎంఎంలో పెట్టి, అతని ముఖం నుంచి ఛాతీ దాకా ఫ్రేము నిండేంత దగ్గరికి వెళ్ళి తీయండి. తర్వాత 55 ఎంఎంకు మార్చి, ముఖం అదే సైజులో ఉండేలా వెనక్కి నడవండి. మొదటి షాట్‌లో చిమ్నీ అగ్గిపుల్లంత. రెండోదాంట్లో అది అతని నెత్తి మీదికి వచ్చి నిలబడుతుంది. మనిషి అతనే, ముఖం అంతే, మారిందల్లా మీకూ అతనికీ మధ్య దూరం. ప్లాంటు నీడలో బతికే కుటుంబం కథ చెప్తుంటే మీకు ఏ షాట్ కావాలో మీకే తెలుస్తుంది.

కదపకుండా ఉండటమూ ఒక నైపుణ్యమే. బి. నర్సింగరావు 'దాసి' (1988) చూడండి. గడీలో దాసి బతుకు మీద తీసిన ఆ సినిమాకు కెమెరామన్ అపూర్వ కిశోర్ బీర్, ఆ పనికి జాతీయ అవార్డు అందుకున్నారు. కెమెరా తొందరపడదు. గది, గడప, అక్కడ వంగి పనిచేసే మనిషి, ఆ వెలుతురు మన కళ్ళలో ఇంకేదాకా ఆగుతుంది. తెలంగాణలో సినిమా నేర్చుకునే ప్రతి ఒక్కరూ దీన్ని ఒకసారి మాటలు వినకుండా, చప్పుడు తీసేసి చూడాలని నా కోరిక. కెమెరా ఎప్పుడు కదిలిందో, ఎందుకు కదిలిందో కాగితం మీద రాసుకోండి.

*

ఫిల్టర్ల దగ్గర డబ్బు జాగ్రత్త. దుకాణంలో చూస్తే అన్నీ కావాలనిపిస్తాయి. ముందు కావాల్సింది ఎన్‌డీ, అంటే రంగు మార్చకుండా వెలుతురును తగ్గించే బూడిదరంగు అద్దం. ఎందుకో లెక్కలో చూడండి. సెకనుకు 25 ఫ్రేములు తీస్తుంటే షటర్ 1/50లో ఉండాలి. అప్పుడే కదలిక కంటికి సహజంగా ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ల కింద కూడా ఈ లెక్కే క్షేమం. మే నెల ఎండలో, ఐఎస్ఓ 100, షటర్ 1/50 పెడితే అపర్చర్‌ను 22 దాకా మూయాలి. మీకు 2.8 కావాలంటే 16, 11, 8, 5.6, 4, 2.8 అని ఆరు మెట్లు దిగాలి. ఒక్కో మెట్టుకు వెలుతురు రెట్టింపవుతుంది. ఆరు రెట్టింపులు అంటే 64. కాబట్టి ఎన్‌డీ 64 కావాలి. చాలా ఫోన్లలో అపర్చర్ మూసే వీలుండదు. అందుకే ఫోన్ షటర్‌ను వేలల్లోకి పెంచేస్తుంది. ఎండలో ఫోన్‌తో తీసిన నడక ముక్కలు ముక్కలుగా, కొట్టుకుంటున్నట్టు కనిపించడానికి కారణం అదే. పిల్లలు గింబల్‌ను తప్పుపడతారు, పాపం దాని తప్పేం లేదు.

పోలరైజర్ గురించి మన ప్రాంతానికే చెందిన మాట ఒకటి చెప్పాలి. అది నీళ్ళ మీది, ఆకుల మీది, తడి రోడ్డు మీది మెరుపును తీసేస్తుంది. గోదావరి ఒడ్డున పెట్టి తిప్పితే నీటి మీది తళుకు పోయి అడుగున రాళ్ళు కనిపిస్తాయి. బాగుంటుంది. అదే పోలరైజర్‌ను బొగ్గు ముందు పెట్టకండి. బొగ్గు నల్లగా ఉంటుందని మనం అనుకుంటాం గానీ, పొద్దుటెండలో ఒక పెల్లను చేతిలో పట్టుకుని తిప్పి చూడండి. ఒక ముఖం అద్దంలా మెరుస్తుంది, పక్క ముఖం మసిలా ఉంటుంది, అంచున నీలి జీర పారుతుంది. బొగ్గు ఆకారం మనకు తెలిసేదే ఆ మెరుపుతో. పోలరైజర్ ఆ మెరుపును తుడిచేస్తే తెర మీద నల్లటి రంధ్రం మిగులుతుంది. ఒక బ్యాచ్ పిల్లలు పక్కపక్కనే రెండూ తీసి చూసి, ఫిల్టర్‌ను మారుమాట లేకుండా డబ్బాలో పెట్టేశారు.

'దసరా' (2023) వచ్చాక మా పిల్లలందరికీ పొగ కావాలి. సింగరేణి నేపథ్యంలోని ఆ సినిమాకు సత్యన్ సూర్యన్ కెమెరా. దాని రంగు, దుమ్ము చూసి ముచ్చటపడటం సహజం. పొగ మిషన్ కిరాయికి తేనక్కర్లేదు. సూర్యుణ్ణి మనిషి వెనక ఉంచుకుని, దుమ్ము లేచే వేళకు ఎదురుచూడండి. వెలుతురు వెనక నుంచి వస్తే దుమ్ము ప్రతి రేణువూ వెలుగుతుంది. ముందు నుంచి వస్తే దుమ్ము కనిపించదు. దీపాల చుట్టూ మెత్తటి వలయం కావాలంటే నల్లటి సన్నని నెట్ గుడ్డ లెన్స్ ముందు బిగించి చూడండి. తెల్ల గుడ్డ పెడితే నలుపు మొత్తం పాలిపోతుంది, నల్లదైతే అంత పోదు.

ఇంకో సరదా సాధన. కెమెరాను నలుపు తెలుపులో పెట్టి, లెన్స్ ముందు ఎర్రని గాజుకాగితం పట్టండి. నీలాకాశం నల్లబడిపోతుంది, మేఘాలు తెల్లగా పొంగుతాయి. నలుపు తెలుపు సినిమాల కాలంలో పట్టపగలును రాత్రిగా మార్చడానికి ఇలాంటి ఉపాయాలు ఉండేవి. 'మాయాబజార్' (1957)లో మార్కస్ బార్ట్‌లే పరిచిన వెన్నెల ఇప్పటికీ మనవాళ్ళ నోట నలుగుతుందంటే, వెలుతురును అంత ఓపికగా చదివిన కన్ను కాబట్టే.

యూవీ ఫిల్టర్ మాత్రం మన ప్రాంతంలో లెన్స్‌కు గొడుగులాంటిది. చదువుకునే రోజుల్లో నేను అరువు కెమెరాతో లారీల రోడ్డు మీద తీసి, అద్దం మీద పడ్డ బొగ్గు పొడిని చొక్కా అంచుతో తుడిచాను. ఆ రాత్రి పెళ్ళి పందిట్లో తీసిన ప్రతి బల్బుకూ ఒక అడ్డగీత వచ్చింది. బొగ్గు పొడిలో గరుకు ఉంటుంది, అద్దాన్ని గీరుతుంది. ఆ కెమెరా యజమాని ఒక్క మాట అనలేదు. ఆ మౌనాన్ని ఇన్నేళ్ళయినా మర్చిపోలేదు. ముందు బ్లోయర్‌తో ఊదండి, తర్వాత మెత్తటి బ్రష్, చివరకే గుడ్డ. లారీల రోడ్డు మీద లెన్స్ మార్చకండి. రాత్రిపూట యూవీ తీసేయండి, చవక అద్దమైతే వీధిదీపాలకు తోడు దొంగ దీపాలు పుట్టిస్తుంది.

*

ఈ నెల చివర చేయాల్సిన షాట్ ఒకటే. గనుల్లో షిఫ్టులు పొద్దున ఏడుకు, మధ్యాహ్నం మూడుకు, రాత్రి పదకొండుకు మారతాయి. గని ఆవరణలోకి, ఓపెన్‌కాస్టు గట్ల మీదికి, రైలు పట్టాల మీదికి అనుమతి లేకుండా వెళ్ళవద్దు. భూగర్భ గనిలో మీథేన్ ఉంటుంది, మామూలు కెమెరాను లోపలికి తీసుకుపోవడమే ప్రమాదం. మీ షాట్‌కు అవేవీ అక్కర్లేదు. డ్యూటీ దిగి వచ్చే మీ నాన్ననో, బాబాయినో, పక్కింటి మామనో అడిగి, క్వార్టర్ల వీధి మొదట్లో నిలబడండి. ఆయన ఇంటి వైపు నడుస్తుంటే ఏడడుగుల దూరం నిలుపుకుంటూ మీరు వెనక్కి నడవాలి. ఇరవై అడుగులయ్యాక మీరు ఆగాలి, ఆయన దగ్గరవుతూ రావాలి, ఫోకస్ ఆయన కళ్ళతోపాటే రావాలి. అలసిపోయి వచ్చిన మనిషి, రెండు టేకులకు మించి అడగకండి. అందుకే ముందు రోజుల్లో స్నేహితుడితో ఇరవై సార్లు చేసి ఉండాలి.

ప్రతి టేకు తర్వాత నోటుబుక్కులో రాయండి. తాతను తీసిన పిల్లల్లో ఒకమ్మాయి, మూడు వారాల తర్వాత మళ్ళీ అదే వాకిలికి వెళ్ళి రాసుకున్న పేజీ నాకు చూపించింది:

"ఆదివారం, 7:10. తాత వాకిలి. 50 ఎంఎం, 5.6. ఆనుకుని కూసుంటే 6 అడుగుల 8 అంగుళాలు. ముందుకు వంగితే 5 అడుగుల 9. టేక్ 1: నేనే తొందరపడ్డ. టేక్ 2: మంచిగనే ఉంది, కండ్లు దొరికినయ్. టేక్ 3: దగ్గిండు, వంగిండు, పట్టుకున్న. టేక్ 4: చెప్పకుండ లేచి లోపలికి పోయిండు, పాత క్యాప్‌ల్యాంపు తెచ్చి చూపిచ్చిండు. మొత్తం మసక. రేపు పోయి దర్వాజ దాక కొలవాలె."